ఏడు సిలిండర్ల సాక్ష్యం

మట్టిని మనిషిగా చేసి, ఆ మనిషి చేతికి పనితనం నేర్పి, ఆ చెయ్యి తప్పు చేసిన రోజున కూడా దాన్ని విరిచెయ్యకుండా పట్టుకున్న తండ్రికి స్తోత్రం. గాలిని చేసినవాడికి స్తోత్రం. ఆ గాలిలో తేలాలని మనిషికి పుట్టే పిచ్చి కోరికను కోప్పడకుండా చూస్తూ ఉండే ఆయన ఓర్పుకు స్తోత్రం. ఆయన్ని పొగడటానికి తెరిచిన నోటితోనే మేము అబద్ధం చెప్పినప్పుడు కూడా నిజం ఆయన దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. అందుకు అన్నిటికంటే ఎక్కువ స్తోత్రం.

పోయిన నెల దక్షిణాఫ్రికాలో, డర్బన్ పక్కన ఇసిపింగోలో ఆయన్ని సమాధి చేశాం. పేరు రాయను. మైకులో తన పేరు వినబడితే బెంచీ కింద ఏదో పడిపోయినట్టు వంగి వెతుక్కునే మనిషి. పోయాక ఆ ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

సమాధి కూటంలో మా కొత్త పాస్టర్ గారు ఆయన విమానం కథ చెప్పారు. పాస్టర్ గారు చిన్నవారు, ఆ రోజుల్లో ఇక్కడ లేరు. ఎవరో చెప్పగా విన్నది చెప్పారు. ప్రతిష్ఠ రోజున సాతాను ఇంజను బిగుసుకుపోయేలా చేశాడట. సంఘం మోకరించిందట. ఆమెన్ అనగానే ఇంజను మోగిందట. అందరం చప్పట్లు కొట్టాం. నా చేతులూ కొట్టాయి. వెనక వరసలో ఒక తెల్ల ముసలావిడ మాత్రం చేతికర్ర మీద రెండు చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆ విమానాన్ని మొదట నడిపిన పైలట్ భార్య ఆవిడ. తర్వాత టీ దగ్గర, పంచదార కలుపుకుంటూ నన్ను అడిగింది. "అలా జరగలేదు కదా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. నాకే తల ఎత్తాలనిపించలేదు. ఎలా జరిగిందో అప్పటి మనుషుల్లో తెలిసినవాళ్లం కొద్దిమందిమే మిగిలాం. అందుకే రాస్తున్నాను.

రంగు తేడా లేకుండా అందరూ ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగిన రెండో ఏట నేను ఉమ్‌కోమాస్ దగ్గరి కాగితపు గుజ్జు మిల్లులో ఉద్యోగానికి కాకినాడ నుంచి వచ్చాను. ఇసిపింగోలో ఒక గది తీసుకుని, మొదటి ఆదివారమే సంఘం వెతుక్కున్నాను. ఆరాధనంతా ఇంగ్లీషులో జరిగేది. మొదటి పాట ఒక్కటి తెలుగులో పాడేవారు. చెరుకుతోటల్లో పనికి వచ్చిన ముత్తాతలు తెచ్చిన పాట. సగంమందికి అర్థం తెలియదు, రాగం మాత్రం ఎవరూ తప్పరు. నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసి తెలుగులో వాక్యం చదవమన్నారు. చదివి దిగాక ఒకాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. గోళ్ల చుట్టూ నల్లటి నూనె గీతలు. ఎడమ కన్ను కదలడం లేదు.

"నీ తెలుగు రేడియోలో ఒచ్చినట్టుంది తమ్ముడూ," అన్నాడు. "మాది కిచెన్ తెలుగు. అన్నం, పులుసు, ఇటు రా, అటు పో, ఎదవ. అంతే."

అని, అరచేత్తో నోరు మూసుకుని నవ్వాడు. నవ్వితే నోరు మూసుకోవడం ఆయన అలవాటు. నవ్వడం తప్పేమో అన్నట్టుండేది.

విమానాశ్రయం మా మందిరానికి అంత దూరం కాదు. ప్రసంగం మధ్యలో నెత్తి మీంచి విమానం పోతే పాస్టర్ గారు వేలు పైకెత్తి ఆగేవారు. ఆ మోత తగ్గేదాకా అందరం కళ్లు మూసుకుని ఉండేవాళ్లం. ఆయన మాత్రం కన్ను తెరిచి పైకప్పు వైపు చూస్తూ, ఏ విమానమో, ఎటు పోతోందో పెదవులతో చెప్పుకునేవాడు. ఒకసారి ఒక పెద్దావిడ కసిరింది. "ప్రార్థనలో కన్ను తెరుస్తావేటి?" "అక్కా, నాకున్నదే ఒకటి," అన్నాడు. "అది కూడా మూసేస్తే దేవుడు ఎటు ఎల్లాడో ఎలా తెలుస్తాది?"

ఆయన కార్లకు సొట్టలు తీసే పని చేసేవాడు. ఆ పనిలోనే ఇనుప రజను పడి కన్ను పోయింది. ఒంటి కంటి మనిషికి విమానం నడిపే లైసెన్సు ఎవరూ ఇవ్వరు. అయినా దగ్గర్లోని ఖర్వాస్తాన్‌లో తన ఇంటి గరాజులో ఆయన విమానం కడుతున్నాడు. తను ఎక్కలేనిదాన్ని ఎందుకు కడుతున్నావంటే, "పెళ్లికూతురుకి గౌను కుట్టిన దర్జీ దాన్ని తొడుక్కుంటాడా?" అనేవాడు.

నేను మొదటిసారి వెళ్లేసరికి ఉక్కు గొట్టాల ఒళ్లూ, కర్రతో చేసి గుడ్డ బిగించిన రెక్కలూ తయారుగా ఉన్నాయి. ఇంజను మాత్రం పెట్టెలో ఉంది. విమానం ప్లానులో రాసింది సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే చిన్నపాటి ఇంజను. ఆయన తెప్పించుకున్నది రేడియల్ ఇంజను. అందులో సిలిండర్లు వరసగా ఉండవు, పువ్వు రేకుల్లా చుట్టూ ఉంటాయి. ఈయనదానికి ఏడు. చిన్నప్పుడు ఆ గుండ్రటి ఇంజన్ల విమానాలు ఇసిపింగో మీద ఎగరడం చూసి, ఆ మోత మనసులో పెట్టుకున్నాడు. వర్ణవివక్ష పాలన మీద పెట్టిన ఆంక్షలు పోయి తూర్పు యూరప్ దేశాల నుంచి సరుకు డర్బన్ రేవుకి రావడం మొదలయ్యాక పాతది ఒకటి దొరికింది. పెట్టె మూత తీసినప్పుడు నేనున్నాను. ఆయన దాన్ని ముట్టుకోకుండా ముందు చేతులు కడుక్కుని వచ్చాడు.

అక్క, అంటే ఆయన భార్య, గుమ్మంలో నిలబడి చూసింది. "అంత్యదినాల్లో ఏడు తలల మృగం సముద్రంలోంచి ఒస్తాదని పాస్టర్ సెప్పాడు," అంది నాతో. "ఒచ్చేసింది. మా గరాజులోకి."

"తల కాదే, సిలిండర్."

"నీకు పెళ్లాం ఒద్దు. ఈ ఏడు తలకాయలు సాలు. ఇక్కడే పడుకో."

అక్కడే పడుకున్న రోజులు కూడా ఉన్నాయని అక్క తర్వాత చెప్పింది.

వేరే ఇంజను కోసం గీసిన ఒంటికి ఈ ఇంజను పెట్టడమంటే, చొక్కా కుట్టాక మెడ మార్చడం లాంటిది. ఇది వెడల్పు, బరువు. దీన్ని పట్టుకునే ఉక్కు చట్రం ఆయనే అతికాడు. నాలుగు రోజులు చూసుకుని మురిసిపోయాక విమానం తూకం వెయ్యాలన్నాడు. తూకం యంత్రాలు కావాలి. సంఘంలో అక్కల ఇళ్లకు వెళ్లి, స్నానాల గదుల్లో ఒళ్లు తూచుకునే మిషన్లు అడిగి తెచ్చాడు. కొందరు గుడ్డలో చుట్టి ఇచ్చారు, పక్కింటివాళ్లు చూడకుండా.

"నేనెక్కితే ఇది అబద్ధం సెప్తాది," అంది ఒకావిడ. "నీ ప్లేన్ ఎక్కితే నిజం సెప్తాదా?"

"మిషన్ ఎప్పుడూ నిజమే సెప్తాది అక్కా."

ఆవిడ చెప్పు తీసి విసిరింది. తగల్లేదు. ఆయన నోరు మూసుకుని నవ్వుతూ మిషన్ చంకలో పెట్టుకుని పారిపోయాడు. చక్రాల కింద మిషన్లు పరిచి, పైన పలకలు వేసి, విమానాన్ని వాటి మీదికి తోశాం. ముక్కు బరువు ఎక్కువైంది. అలా ఎగిరితే ముక్కు దించుకునే పోతుంది. మురిసిపోయిన చట్రాన్ని ఆయన రంపంతో కోసేశాడు. పొట్టిగా మళ్లీ అతికాడు, ఇంజను వెనక్కి జరిగింది. బ్యాటరీ తోక దగ్గరికి పోయింది. మళ్లీ తూకం, మళ్లీ కోత. ఇంజను మీద తొడుగు మాత్రం ఒక్కసారికే కుదిరింది. అల్యూమినియం రేకును ఇసుక సంచి మీద పెట్టి, సొట్టలు తీసే సుత్తితో ఇక్కడ సొట్టలు వేశాడు. ఒక్కో సిలిండర్ తల మీద ఒక్కో గిన్నె బోర్లించినట్టు ఏడు బుడిపెలు.

ఏది అడిగినా ఆయన దగ్గర ఒకే జవాబు ఉండేది. "ఓపెన్ చేసి సూడాల." ఎవరి కారు మొరాయించినా అంతే. ఎవరో ఒకసారి, చనిపోయిన వెంటనే ఆత్మ ప్రభువు దగ్గరికి వెళ్తుందా, లేక పునరుత్థానం దాకా నిద్రపోతుందా అని బైబిలు స్టడీలో వాదన పెట్టారు. నన్ను లేఖనాలు చూపించమన్నారు. నేను చూపిస్తుండగా ఆయన వెనక నుంచి, "ఓపెన్ అయినాక సూద్దాం," అన్నాడు. ఆ రోజు ఇంక స్టడీ సాగలేదు.

ఉమ్‌కోమాస్ వైపు ఒక రైతు చెరుకుతోట మధ్యలో గడ్డి రన్‌వే, ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ ఎగిరే క్లబ్బు తెల్లవాళ్లది. ఈయన చిన్నప్పుడు బస్సెక్కి వెళ్లి కంచె బయట నిలబడి చూసేవాడట. ఎన్నికల తర్వాత అదే షెడ్డులో ఈయన విమానానికి చోటిచ్చారు. నడపడానికి ఒప్పుకున్న తెల్లాయన చెరుకు మీద మందు చల్లే విమానాలు నడిపి రిటైరైనవాడు. ఆ రోజుల్లో ఆయన కంచె లోపల ఉండేవాడు. ఆ కంచె గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. స్పార్క్ ప్లగ్గుల గురించి, నూనె గురించి మాత్రం గంటలు మాట్లాడుకునేవారు. పైలట్ భార్య కారులో కూర్చుని అల్లుకునేది. ఒకసారి ఈయన్ని పిలిచి, "మా ఆయన ఎక్కొచ్చంటావా?" అని అడిగింది. "రెడీ అయిన రోజున నేనే చెప్తానమ్మా," అన్నాడు ఈయన.

ఇంజను ఎక్కించడం పూర్తయింది. ఇక ప్రతిష్ఠ.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు కొత్త కారు కొన్నా పాస్టర్ గారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థిస్తారు. ఆమెన్ అనగానే తాళం తిప్పాలి. ఆమెన్‌కీ ఇంజను మోతకీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఖాళీ వస్తే విశ్వాసంలో ఎక్కడో లోపం ఉందని గుసగుసలు వస్తాయి. అందుకే అందరూ ముందే నాలుగుసార్లు స్టార్ట్ చేసి చూసుకుని తెస్తారు. ఇదీ కారు లాంటిదే అనుకున్నాం అందరం. మా అప్పటి పాస్టర్ గారు, పెద్దలు, నేను కూడా.

ఆ శనివారం బక్కీల నిండా, అంటే వెనక తెరిచి ఉండే చిన్న ట్రక్కుల నిండా జనం, బిర్యానీ గిన్నెలు, హార్మోనియం, స్పీకర్లు ఆ గడ్డి మైదానానికి వచ్చాయి. అక్కలు విమానం పొట్ట కింద నూనె మరకలన్నీ తుడిచి, ఇంజను కింద తెల్ల దుప్పటి పరిచారు, పాస్టర్ గారి బూట్లు పాడవకుండా. తోక మీద ఆయన దేశం కొత్త జెండా రంగులు వేశాడు. కొత్తగా ఎన్నికైన కౌన్సిలర్ వచ్చాడు. మొదట మాట్లాడింది అతనే, చాలాసేపు. తర్వాత పాటలు. తర్వాత ప్రసంగం. ఎండ నెత్తి మీదికి వచ్చింది. నేను స్పీకర్ దగ్గర వైరు పట్టుకుని ఉన్నాను. పాస్టర్ గారు ఇంజను తొడుగు మీద నూనె రాసి ప్రార్థించారు. ఆమెన్ అన్నారు. అన్నాం.

ఆయన ప్రొపెల్లర్ దగ్గర నిలబడి చేత్తో తిప్పుతున్నాడు. ఒక రెక్క, ఇంకో రెక్క. ఆగాడు. జేబులోంచి గుడ్డ తీసి నుదురు తుడుచుకున్నాడు. అది నూనె గుడ్డ, నుదుటి మీద నల్లటి చార పడింది. పిల్లలు నవ్వారు. "బ్రదర్, ప్రభువు సిద్ధంగా ఉన్నాడు," అన్నారు పాస్టర్ గారు మైకులో, నవ్వుతూనే. అందరూ మళ్లీ హల్లెలూయా అన్నారు. ఆయన మాకు వీపు పెట్టి ప్రొపెల్లర్ మీదికి వంగాడు. తర్వాత కాక్‌పిట్ ఎక్కాడు. ఇంజను దగ్గింది, నీలం పొగ కక్కింది, మోగింది. గుర్రాల గుంపు ఇటుకల రోడ్డు మీద పోతున్నట్టు మోత. పైలట్ దూరంగా నిలబడి బొటనవేలు పైకెత్తాడు. అక్కలు ఏడ్చారు. ఇంజను ఆపి దిగాక పాస్టర్ గారు మైకు ఇచ్చారు.

"దేవుడే స్టార్ట్ చేసింది," అన్నాడు ఆయన. అంతే. మైకు తిరిగి ఇచ్చేశాడు.

సోమవారం ఉదయం జనం లేకుండా మొదటి ఎగురుడు అని ముందే నిర్ణయం అయిపోయింది. భోజనాల దగ్గర ఆయన పళ్లెం పట్టుకుని బక్కీ మెట్టు మీద కూర్చున్నాడు. బిర్యానీ చల్లారిపోయింది. "కడుపులో నొప్పా?" అని అక్క అడుగుతుంటే విన్నాను.

మర్నాడు ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. అందరూ ఆయన కోసమే చూస్తున్నారు. పాస్టర్ గారు పిలిచారు. ఆయన ముందుకు వచ్చి మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నిన్న నాను సాక్ష్యం సెప్పింది, దేవుడు స్టార్ట్ చేసాడని. అది రాంగ్."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ఇంగ్లీషు, తెలుగు కలిపి చెప్పినదాన్ని నేను నా మాటల్లో పెడుతున్నాను. ఈ ఇంజనులో కొన్ని సిలిండర్లు కిందికి చూస్తాయి. వేడెక్కిన ఇంజను ఆగి కాసేపు నిలబడితే పల్చబడ్డ నూనె జారి వాటిలో చేరుతుంది. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నూనె నొక్కుకోదు. అందుకే స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్ చేత్తో తిప్పి చూస్తారు. బిగుసుకుంటే కింది ప్లగ్గులు ఊడదీసి నూనె కార్చెయ్యాలి. వెనక్కి తిప్పకూడదు. వెనక్కి తిప్పితే నూనె పక్క గొట్టంలోకి వెళ్లి దాక్కుంటుంది, ఇంజను మోగగానే మళ్లీ సిలిండర్‌లోకి వస్తుంది. అప్పుడు లోపల పిస్టన్‌ని పట్టుకున్న రాడ్డు వంగుతుంది. వంగిన రాడ్డుతో ఇంజను బాగానే మోగుతుంది. ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

శనివారం పొద్దున, అందరి ముందు నగుబాటు కాకూడదని, ఆయన ముందే ఒకసారి ఇంజను నడిపి చూసుకున్నాడు. తర్వాత కౌన్సిలర్ మాట్లాడాడు, మేం పాడాం. ఆమెన్ అన్నాక తిప్పితే బిగుసుకుంది. ప్లగ్గులు తీస్తే నల్ల నూనె తెల్ల దుప్పటి మీద కారుతుంది, గంట పడుతుంది. వెనక్కి తిప్పేశాడు.

"వొళ్లు అడ్డం పెట్టి తిప్పింది," అన్నాడు. "మీరు చూడకుండా."

పెద్దల్లో ఒకాయన లేచాడు. "ఇంజను నడిచిందా, లేదా?"

"నడిచింది."

"మరి?"

"నడిచింది కాబట్టే భయం."

"ఇది సాతాను పని బ్రదర్," అన్నారు పాస్టర్ గారు మెల్లగా. "దేవుని మహిమను దొంగిలించడానికి వాడు మీ మనసులో అనుమానం పెడుతున్నాడు. కూర్చోండి. ప్రార్థన చేద్దాం."

"సాతాను ఆ ఫీల్డులోకి రాలేదు పాస్టర్. ఒచ్చింది నానే."

మా సంఘంలో సాక్ష్యం వెనక్కి తీసుకున్నవాడు అంతకు ముందు లేడు. ముందు వరసలో ఒకావిడ అడిగింది. "మేమంతా చెయ్యి వేసి ప్రార్థించాం కదా. అది సాలదా?"

"ప్రార్థన కరెక్టే అక్కా. చెయ్యి తప్పు. పైలట్ మన మనిషి కాదు. ఆయన మన ప్రార్థన నమ్మి ఎక్కడు. నా చెయ్యి నమ్మి ఎక్కుతాడు."

అని మైకు పెట్టేసి గుమ్మం వైపు నడిచాడు. మేం వెళ్లనివ్వలేదు. ప్రేమతోనే. పెద్దలు చుట్టూ చేరి, అపరాధ భావన నుంచి విడుదల కలగాలని తల మీద చేతులు వేసి ప్రార్థించారు. ఒకరి తర్వాత ఒకరు. నేను కూడా వేశాను, లేఖనాలు చెప్పి ధైర్యం చెప్పాను. మా చేతుల బరువు కింద ఆయన గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ కన్ను మూసుకోలేదు.

వదిలాక నా కారులో బయల్దేరాం. ఉమ్‌కోమాస్‌లో పైలట్ ఇల్లు చేరేసరికి వాళ్లు భోజనం ముగించి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఆవిడ మాకు కుర్చీలు చూపించింది. ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. అంతా చెప్పాక, పాత రోజుల్లో తెల్లవాళ్లని పిలిచే మాట, ఎన్నికల తర్వాత నోట్లోంచి తీసేసిన మాట ఒకటి వచ్చేసింది. "సారీ బాస్."

పైలట్ తన పళ్లెం పక్కకి జరిపాడు.

"ఈ పొద్దున నేను ఫీల్డుకి వెళ్లాను," అన్నాడు. "ఆదివారం, గాలి లేదు, ఎవరూ లేరు. ఇంజను స్టార్ట్ చేసి రన్‌వే మీద అటూ ఇటూ పరిగెత్తించాను. తోక లేచింది. ఎంత హాయిగా ఉందంటే, ఇప్పుడే లేపేద్దామా అనుకున్నాను. ఈవిడ పన్నెండింటికి భోజనం అంది, ఆలస్యమైతే మాంసం మాడిపోతుందంది. అందుకని వచ్చేశాను."

మేం పాడుతున్న సమయం అది.

ఆవిడ భర్త వైపు చూడలేదు. ఈయన వైపు చూసింది. "నువ్వే చెప్తానన్నావు," అంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు పైలట్.

"నిన్న. తిప్పినప్పుడే."

"నిన్న తెలిసింది. ఈ పొద్దున చర్చిలో చెప్పావు. ఇప్పుడు నాకు చెప్తున్నావు."

"మొదట దేవుడి ముందు చెప్పాలని..."

"దేవుడు ఆ విమానం ఎక్కడం లేదు. నేను ఎక్కుతున్నాను. ఇంకోటి, నన్ను బాస్ అనకు. బాస్‌కి ఏది ఎప్పుడు చెప్పాలో నువ్వు చూసుకుంటావు. నేను నీ పైలట్‌ని."

ఆయన తల దించుకుని నిలబడ్డాడు. ఆ పక్కనే నేను. చిన్నప్పటి నుంచి లేఖనాలు కంఠతా పట్టినవాణ్ణి. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, నీ మీద ఎవరికైనా ఏమైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లమని ప్రభువు చెప్పిన మాట మీద నేనే ఆ ఏడాది ఆదివారం బడిలో పాఠం చెప్పాను. ఆ మందిరంలో అంతమందిమి ఉన్నాం, ఒక్కరం కూడా "ఆ పైలట్‌కి చెప్పావా?" అని అడగలేదు. అందరం ఆయన ఆత్మ గురించే కంగారుపడ్డాం. పైలట్‌ని ఆ పొద్దున నేల మీద ఆపింది దేవుడేనని నమ్ముతాను. కానీ ఆ పనికి ఆయన వాడుకున్నది సంఘాన్ని కాదు, పొయ్యి మీది మాంసాన్ని.

తిరుగు దారిలో ఆయన ఒక్క మాటే అన్నాడు. "నాను మంచోడిని అవుదామని పోయింది తమ్ముడూ. ఆయన బతకాలని పోవాల."

ఇంజను దించి గరాజులో విప్పారు. పైలట్ కూడా వచ్చాడు, భార్యతో. కింది సిలిండర్ రాడ్డు తీసి గాజు పలక మీద పెడితే, దాని కింది నుంచి వెలుతురు సన్నటి గీతలా కనబడింది. అంటే ఏమిటని ఆవిడ అడిగింది. వంగిందని పైలట్ చెప్పాడు. ఆవిడ లేచి, అక్క చెయ్యి పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇద్దరూ అక్కడ ఏం మాట్లాడుకున్నారో తెలియదు, బయటికి వచ్చేసరికి అక్క కళ్లు ఎర్రగా ఉన్నాయి.

కొత్త రాడ్డు సముద్రం మీద వచ్చేసరికి చాలా నెలలైంది. ఈసారి మైకు లేదు, గిన్నెలు లేవు. పనిరోజు పొద్దున్నే వెళ్లాం. ప్లగ్గులు తీసి నూనె కార్చి, చేతులంతా నలుపు చేసుకుని, ప్రొపెల్లర్ ముందుకు తిప్పి పైలట్‌కి చూపించాడు. విమానం చెరుకు మీంచి లేచింది. మేం పైకి చూశాం. ఆయన చూడలేదు. తల వంచి, కన్ను మూసుకుని విన్నాడు. దిగాక పైలట్ వచ్చి, "నీ ఇంజను బాగుంది," అన్నాడు. ఆయన అరచెయ్యి నోటి మీదికి వెళ్లింది. ఆ రోజు మాత్రం నవ్వుకి కాదు.

ఆ తర్వాత ఆయన మందిరంలో సాక్ష్యం చెప్పలేదు. వేరే అలవాటు ఒకటి వచ్చింది. ఎవరైనా, అన్నా, నేను ఫలానావాడికి అన్యాయం చేశాను, నా కోసం ప్రార్థించు అని వస్తే, "ఆ మనిషికి సెప్పావా?" అనేవాడు. లేదంటే బక్కీ తాళాలు తీసేవాడు. "పద. ప్రేయర్ తర్వాత." తమ్ముడితో ఏళ్లుగా మాట్లాడనివాణ్ణి, పనిమనిషి మీద దొంగతనం మోపి తర్వాత వస్తువు దొరికినామెను, చాలామందిని అలా తీసుకెళ్లాడు. గేటు దగ్గర దింపి, తను బక్కీలో అద్దాలు ఎత్తుకుని కూర్చునేవాడు. కొందరికి కోపం వచ్చింది. ఇంత ఇబ్బంది పెట్టే మనిషి దగ్గరికి మళ్లీ రామన్నారు. పెద్దలకు ఇది నచ్చలేదు, ప్రార్థనను తక్కువ చేస్తున్నాడన్నారు. ఒకసారి నేను మెచ్చుకోబోయాను. నువ్వు చేస్తున్నదే అసలైన పరిచర్య అన్నా అని. ఆయన బక్కీ కింద పడిపోయిన దేన్నో వెతుకుతున్నట్టు వంగాడు.

"పైలట్ దగ్గరికి నాను ఒక రోజు లేటు," అన్నాడు కింద నుంచి. "ఆ రోజు మళ్లీ రాదు కదా."

చదువుతున్న మీరు ఎవరో నాకు తెలియదు. మీకు కూడా వెళ్లాల్సిన ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. నాతో కలిసి ఇలా ప్రార్థించండి.

ప్రభువా, నీ దగ్గర కన్నీళ్లు పెట్టుకోవడం మాకు తేలిక. మా వల్ల ప్రమాదంలో పడ్డ మనిషి వంటింట్లో నిలబడటం కష్టం. నీ క్షమాపణను ఆ గుమ్మం తప్పించుకునే దొడ్డిదారి చేసుకోనివ్వకు. ఆ మనిషి ఇంకా నేల మీద ఉండగానే మమ్మల్ని లేపి పంపు. మేం పాడుతూ ఉంటే మా పాట ఆపి పంపు. అక్కడ వాళ్లు మమ్మల్ని కూర్చోమనకపోయినా నిలబడి నిజం చెప్పే బలం ఇవ్వు. తర్వాత నీ దగ్గరికి వస్తాం. అప్పటిదాకా మా అర్పణ బల్ల మీద అలాగే ఉండనివ్వు.